1962 జకార్తా బంగారం గురించి పిల్లలకు పది నిమిషాల్లో ఏం చెప్పాలి?

బడి మైదానం:
అందరికీ నమస్కారం. వరంగల్ వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. పోయిన వారం సాయంత్రం పిల్లల్ని ఆడిస్తుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "సార్, ఫుట్‌బాల్‌లో మన దేశం ఎప్పుడైనా గెలిచిందా?" అని అడిగింది. ఎందుకు గెలవలేదమ్మా, ఆసియా క్రీడల్లో రెండుసార్లు బంగారు పతకం తెచ్చాం, 1951లో ఢిల్లీలో ఒకసారి, 1962లో జకార్తాలో ఒకసారి అన్నాను. అక్కడున్న పాతికమందిలో ఒక్కరూ నమ్మలేదు. వాళ్లను ఏమనగలం? పుట్టిన దగ్గర్నుంచీ టీవీలో క్రికెట్ గెలుపులే చూశారు.

సెప్టెంబర్ 5న గురుపూజోత్సవానికి హెడ్మాస్టర్ గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. జకార్తా ఫైనల్ జరిగింది సెప్టెంబర్ 4న. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు మన హైదరాబాద్ ఆయన, వృత్తికి బడిపంతులు. ఇంతకంటే మంచి సందర్భం నాకు మళ్లీ దొరకదు. నాకు తెలిసినవి కొన్ని రాసుకున్నాను. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, కెప్టెన్ చునీ గోస్వామి, గోల్స్ ఆయనవే అని విన్నాను. తప్పులుంటే దిద్దండి. ఆ పది నిమిషాల్లో ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో కూడా చెప్పండి.

కాకినాడ స్టాపర్:
మాస్టారూ, ముందు ఆ గోల్స్ సంగతి దిద్దుకోండి. ఫైనల్లో మొదటి గోల్ 17వ నిమిషంలో ప్రదీప్ కుమార్ బెనర్జీ చేశారు, రెండోది 20వ నిమిషంలో జర్నైల్ సింగ్. కొరియా వాళ్లు 85వ నిమిషంలో ఒకటి తిరిగి ఇచ్చారు. గోస్వామి గారి గోల్స్ సెమీఫైనల్లోవి. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఆయనవి రెండు, జర్నైల్‌ది ఒకటి. మిగతాది రాత్రికి తీరిగ్గా రాస్తాను, జర్నైల్ కథ రెండు ముక్కల్లో తేలేది కాదు.

సికింద్రాబాద్ పెద్దాయన:
బాబూ, ఈ ప్రశ్న చూడగానే ప్రాణం లేచి వచ్చింది. 1962లో నాకు పదకొండేళ్లు. మాది లాలాగూడ, నాన్న రైల్వేలో చేసేవారు. గెలిచిన సంగతి మాకు పేపర్లోనే తెలిసింది. నాన్న చదువుతుంటే పక్క క్వార్టర్ల వాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. "యూసుఫ్ ఖాన్ మనోడు, బలరాం మనోడు, తంగరాజ్ కూడా మనోడే" అని నాన్న వేళ్ల మీద లెక్కపెట్టడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఫైనల్ ఆడిన పదకొండుమందిలో ముగ్గురు ఈ ఊళ్లో పుట్టిపెరిగినవాళ్లు. జట్టుతో వెళ్లిన డీఎంకే అఫ్జల్ కూడా హైదరాబాదే.

రహీం సాబ్ గురించి ఇంట్లో రోజూ ఏదో ఒక మాట వచ్చేది. ఉస్మానియాలో చదివారు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయనే తయారుచేశారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చిన జట్టు అది. నాన్న ఫతే మైదాన్‌లో వాళ్ల ఆట చూసేవారు. ఇప్పుడు మీరంతా లాల్ బహదూర్ స్టేడియం అంటున్నది దాన్నే. సిటీ పోలీస్ ఆడుతుంటే బంతి ఎవరి కాళ్ల దగ్గరా ఆగేది కాదట. వచ్చిన బంతిని వచ్చినట్టే ఇంకొకడికి ఇచ్చేయాలి. పట్టుకుని సొంత విద్యలు చూపిస్తే రహీం సాబ్ ఊరుకునేవారు కాదట. ఇంకో సంగతి, ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని మ్యాచ్‌లు పెట్టేవారు. కుడికాలివాడు ఎడమ కాలితో తన్నాలి. మా నాన్న నాతో కూడా అలాగే ఆడించేవారు, గోడకు బంతి కొట్టిస్తూ. వచ్చేది కాదు, ఏడ్చేవాడిని.

పది నిమిషాల్లో సగం ఆ మాస్టారికి ఇవ్వండి బాబూ.

సూటిగా:
అందరికీ కష్టంగా ఉండొచ్చు కానీ అడుగుతున్నాను. పిల్లలకు చెప్పేటప్పుడు మరీ పెంచి చెప్పకూడదు కదా? జకార్తాలో ఫుట్‌బాల్ ఆడినవి ఎనిమిది జట్లే. 1954లోనూ 1958లోనూ బంగారం గెలిచిన తైవాన్‌ను అసలు రానివ్వలేదు. ఇజ్రాయెల్‌నూ రానివ్వలేదు. ఇరాన్ లేదు. జపాన్ అప్పటికింకా చిన్న జట్టు. మనం గొప్పవాళ్లం కాబట్టి గెలిచామా, గట్టివాళ్లు లేక గెలిచామా? నేను ఫుట్‌బాల్ ద్వేషిని కాదు. ప్రతి ఆదివారం ఆడతాను. కానీ "ఒకప్పుడు మనమే రాజులం" అని నేర్పితే పిల్లలు రేపు వెతుక్కుని మోసపోయామనుకుంటారు.

కాకినాడ స్టాపర్:
సూటిగా గారూ, మంచి ప్రశ్న. నేను జిల్లా స్థాయిలో పన్నెండేళ్లు స్టాపర్‌గా ఆడాను, కాబట్టి ఆటగాడి వైపు నుంచి చెబుతాను.

మనం ఫైనల్లో ఓడించిన కొరియా ఎవరు? ఆసియా కప్ అని వేరే పోటీ ఉంది కదా, అది మొదలైన 1956లోనూ తర్వాత 1960లోనూ గెలిచింది ఆ కొరియానే. అప్పటికి ఆసియాలో వాళ్లను మించిన జట్టు లేదు. పైగా జకార్తాలో మన మొదటి మ్యాచ్ వాళ్లతోనే పడింది, 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచి సెమీస్‌కు వచ్చాం. పది రోజులు తిరక్కుండా అదే కొరియాను లక్షమంది ముందు ఓడించాం. జట్టులో మనుషులు దాదాపు వాళ్లే. మరి మధ్యలో ఏం మారింది?

థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. ఆయన మన స్టాపర్, అంటే వెనక నడుమ నిలబడి వచ్చిన ప్రతి బంతినీ తలతో తిప్పికొట్టేవాడు. తలకు కుట్లతో ఆ పని చేయడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. ఒకసారి కనుబొమ్మ చిట్లాక పదిహేను రోజులు బంతికి తల పెట్టాలంటేనే భయపడ్డాను. ఇంకో కోచ్ అయితే జర్నైల్‌ను బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం గారికి ఒకటి గుర్తుంది, కాలేజీ రోజుల్లో ఈ కుర్రాడు ముందు వరసలో ఆడేవాడని. సెమీఫైనల్‌కు తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. వెనక నడిమి జాగా అరుణ్ ఘోష్ చూసుకున్నారు. కొరియా వాళ్లకు మొదటి మ్యాచ్‌లో వెనక కనిపించిన ఆ బలమైన మనిషి, ఫైనల్లో తలకు కట్టుతో వాళ్ల గోల్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. సెమీస్‌లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్.

గట్టివాళ్లు లేక గెలిచిన గెలుపు ఇది కాదండీ. మనల్ని ఓడించినవాళ్లనే తిరిగి ఓడించాం. నేనైతే పిల్లలకు మొదట ఆ 2-0 ఓటమే చెబుతాను.

నార్త్ స్టాండ్:
అన్నా, జర్నైల్ సంగతి నాకు అసలు తెలీదు. నేను హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పటి నుంచి ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. రహీం గారి మీద హిందీ సినిమా వచ్చినప్పుడే ఆయన మన ఊరి ఆయన అని తెలిసింది. ఒక డౌట్. అప్పుడు ఆడింది అసలు జాతీయ జట్టేనా? ఇప్పుడు ఆసియా క్రీడలకు అండర్ 23 జట్టే వెళ్తుంది కదా.

కాకినాడ స్టాపర్:
అసలు జట్టే తమ్ముడూ. ఒలింపిక్స్‌లో 23 ఏళ్ల నిబంధన 1992 నుంచి వచ్చింది, ఆసియా క్రీడల్లో 2002 నుంచి. వయసు దాటినవాళ్లు ముగ్గురికి అవకాశం ఇస్తారు. 1962లో అలాంటిదేమీ లేదు, ప్రతి దేశమూ తన దగ్గరున్న మంచి ఆటగాళ్లనే పంపింది.

జకార్తా ప్రవాసి:
నమస్తే. నేను ఆరేళ్లుగా జకార్తాలో ఉంటున్నాను, మా సొంతూరు తెనాలి. ఆ ఫైనల్ జరిగిన స్టేడియం మా ఆఫీసుకు దగ్గర. ఇప్పుడు గెలోరా బుంగ్ కర్నో అంటారు, అప్పట్లో సెనాయన్ స్టేడియం. ఆ క్రీడల కోసమే సోవియట్ సాయంతో కట్టారు. చుట్టూ గుండ్రంగా ఒకటే కప్పు ఉంటుంది. 2018 ఆసియా క్రీడలకు బాగుచేసి బెంచీల బదులు విడి కుర్చీలు వేశారు కాబట్టి ఇప్పుడు 77 వేలమంది దాకా పడతారు. ఆ రోజుల్లో లక్ష దాటి పట్టేవారు.

ఆ లక్షమంది మన మీద ఎందుకు కోపంగా ఉన్నారో కూడా పిల్లలకు చెప్పాలి సార్, లేకపోతే ఆ గెలుపు బరువు అర్థం కాదు. అరబ్ దేశాలు, చైనా ఒత్తిడి చేయడంతో ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ వాళ్లకు వీసాలు ఇవ్వలేదు. ఆసియా క్రీడలు మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడైన మన గురుదత్ సోంధీ గారు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడు కూడా. సభ్య దేశాలను రానివ్వకపోతే ఈ పోటీలను ఆసియా క్రీడలు అనకూడదని ఆయన గట్టిగా పట్టుబట్టారు. న్యాయంగా చూస్తే ఆయన మాట సరైనదే. కానీ ఆతిథ్యం ఇస్తున్న ఊరికి అది అవమానంగా తోచింది. గొడవలు రేగాయి, ఫైనల్‌కు ముందు రోజు మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్లు స్టేడియానికి వెళ్లేటప్పుడు బస్సులో కనబడకుండా కింద కూర్చుని వెళ్లారని ఆ జట్టువాళ్లే తర్వాత చెప్పారు. జాతీయగీతం వినబడనంతగా అరుపులు.

అలాంటి చోట మనకోసం కేకలు వేసింది ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి బంగారం గెలిచినవాళ్లు వచ్చి గ్యాలరీలో కూర్చుని మన ఫుట్‌బాల్ జట్టుకు చప్పట్లు కొట్టారు.

నేను మొదటిసారి ఆ స్టేడియంలోకి వెళ్లింది ఇండోనేషియా మ్యాచ్‌కి. అరవై, డెబ్భై వేలమంది ఒక్కసారిగా పాడుతుంటే ఛాతీలో దడ పుడుతుంది. వాళ్లు నన్నేమీ అనలేదు, పక్కనున్న పెద్దాయన వేరుశనక్కాయలు కూడా పెట్టాడు. అయినా చేతులు చల్లబడ్డాయి. ఇంకా ఎక్కువమంది నా మీదే అరుస్తుంటే 17వ నిమిషంలో గోల్ కొట్టడం ఎలా ఉంటుందో ఊహించలేకపోయాను.

బడి మైదానం:
ఆ పాకిస్తాన్ హాకీ జట్టు సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అది తప్పకుండా చెబుతాను. సోంధీ గారి విషయం పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో ఆలోచించాలి. మా బడిలోనే ఒక ఉదాహరణ ఉంది. పోయినేడు మండల పోటీల్లో ఒక ఊరి జట్టును ఆడనివ్వకపోతే మా పిల్లలు వాళ్ల తరఫున మాట్లాడి తిట్లు తిన్నారు.

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
సభ్యులందరికీ నమస్కారం. ముత్తాత కాలంలో రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ఈ ఊళ్లో తెలుగువాళ్లం వేలమందిమి ఉన్నాం, తెలుగు బడులున్నాయి. ఇక్కడ కూర్చుంటే బలరాం గారి గురించి చెప్పకుండా ఉండలేను.

తులసీదాస్ బలరాం పుట్టింది సికింద్రాబాద్ కంటోన్మెంట్ దగ్గర అమ్ముగూడలో. పేద కుటుంబం. శిక్షణకు రోజూ రావాలంటే దూరం, రవాణాకు డబ్బులేదు. సైకిల్ అద్దెకు డబ్బు రహీం గారే ఇచ్చారని బలరాం గారు పెద్దయ్యాక కూడా తలుచుకునేవారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. 1957లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి 1961లో కెప్టెన్ అయ్యారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనం 2-1తో ఓడిపోయినా ఆ ఒక్క గోల్ ఆయనది, పెరూ మీద మన గోల్ కూడా ఆయనదే. జకార్తాలో ఎడమ అంచున ఆడారు. ప్రదీప్, చునీ, బలరాం అని కలకత్తాలో ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెబుతారు.

కానీ మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, బలరాం గారికి రాలేదు. 1962లో అర్జున అవార్డు ఇచ్చారు, అక్కడితో సరి. ఒంట్లో బాగోలేక 1963లోనే, రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) ఆడుతున్నప్పుడు ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్ఫై కూడా నిండలేదు. చివరిదాకా హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాలో ఉండి 2023 ఫిబ్రవరి 16న పోయారు. ఆ రోజు మా నాన్న అన్నం తినలేదు. అమ్ముగూడలో ఒక మైదానానికైనా ఆయన పేరు పెట్టాలని నా కోరిక. మాస్టారూ, మీ పిల్లల్లో సైకిల్ లేక ప్రాక్టీసుకు రాలేనివాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు ఈయన కథ చెప్పండి.

సికింద్రాబాద్ పెద్దాయన:
ఖరగ్‌పూర్ బాబూ, కళ్లు చెమ్మగిల్లాయి. అమ్ముగూడ మాకు దగ్గరే. బలరాం పేరు మా చిన్నప్పుడు మైదానంలో తిట్టుగానూ పొగడ్తగానూ వాడేవాళ్లం, "నువ్వేమైనా బలరాంవా, అక్కణ్నుంచి తన్నుతున్నావ్" అని.

మీరు రోమ్ మాట ఎత్తారు కాబట్టి సూటిగా గారికి ఇంకో జవాబు. మనం 2-1తో ఓడిన ఆ హంగరీ రోమ్‌లో కాంస్యం గెలిచింది. అదే పోటీలో ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశాం. ఇక మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోల్ కూడా మనదే, తర్వాత 4-1తో ఓడాం. నాలుగో స్థానం. అదే యుగోస్లావియా అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకిలో మన మీద పది గోల్స్ కొట్టింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు, ఆ చలిలో. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. పది గోల్స్ తిన్నవాళ్లు నాలుగేళ్లకు ముందుగా గోల్ కొట్టే స్థితికి వచ్చారంటే మధ్యలో ఎంత పని జరిగి ఉండాలి!

నన్నడిగితే జకార్తా కంటే మెల్బోర్న్ పెద్ద విషయం. పతకం రాలేదు కాబట్టి ఎవరూ చెప్పుకోరు.

కాకినాడ స్టాపర్:
పెద్దాయన గారూ, మీతో గౌరవంగా విభేదిస్తాను. మెల్బోర్న్‌లో హంగరీ రాకపోవడంతో మనం ఆడకుండానే క్వార్టర్స్‌కు వెళ్లాం. గెలిచింది ఒక్క మ్యాచ్. జకార్తాలో ఐదు ఆడి నాలుగు గెలిచాం, అదీ గాయాలతో, ఆ గొడవల మధ్య. నాకు జకార్తానే.

సికింద్రాబాద్ పెద్దాయన:
సరే, మీరు ఆడినవాళ్లు, మీ మాట కాదనను. కానీ యుగోస్లావియా మీద ఆ మొదటి గోల్‌ను మాత్రం నేను వదులుకోను.

సూటిగా:
చదివాను, రెండుసార్లు చదివాను. కొరియా ఆసియా కప్ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, అది నా పొరపాటే. గెలుపు నిజమైనదే, ఒప్పుకుంటున్నాను.

ఇక నన్ను రాత్రంతా నిద్రపోనివ్వనిది జపాన్. 1962లో మన చేతిలో 2-0తో ఓడిన జపాన్ ఆరేళ్లకు, 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. వాళ్లేం చేశారు? టోక్యో ఒలింపిక్స్ కోసం 1960లో జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే కోచ్‌ను పిలిపించుకున్నారు. ఆయన వాళ్లకు మొదటి పాఠం నుంచి నేర్పాడు. టోక్యో అయిపోయాక వెళ్తూ వెళ్తూ, దేశమంతటికీ కలిపి ఒక లీగ్ పెట్టుకోమన్నాడు. 1965లో పెట్టుకున్నారు. మనకు అలాంటి జాతీయ లీగ్ వచ్చింది 1996లో. మన దగ్గర రహీం గారు అప్పటికే ఉన్నారు, బయటినుంచి తెచ్చుకోవాల్సిన పని కూడా లేదు. కానీ జకార్తాకు వెళ్లేనాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్ 11న, యాభై మూడేళ్ల వయసులో పోయారు. క్రామర్ వెళ్లిపోయాక కూడా ఆయన నేర్పింది నడవడానికి జపాన్‌లో లీగ్ ఉంది. రహీం గారు పోయాక ఆయన నేర్పింది ఎక్కడుంది? ఆయన శిష్యుల కాళ్లలో ఉంది. వాళ్లు ఆట మానేశాక అదీ పోయింది.

ఇప్పుడు నా ప్రశ్న మారింది. ఎలా గెలిచాం అన్నది మీరంతా చెప్పారు. అంత పని తెలిసిన మాస్టారు నేర్పింది మనం ఎందుకు నిలబెట్టుకోలేదు?

సికింద్రాబాద్ పెద్దాయన:
ఆ ప్రశ్న నాన్న కూడా అడిగేవారు. నాకు తోచింది ఒకటి చెబుతాను. ఫైనల్ సెప్టెంబర్ 4న. అక్టోబర్ 20న చైనా యుద్ధం మొదలైంది. నెలన్నర తిరక్కుండానే పేపర్ల నిండా సరిహద్దు వార్తలు. మా ఇంట్లో అమ్మ గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చింది. ఫుట్‌బాల్ గురించి మాట్లాడే మనసు ఎవరికుంది? రహీం సాబ్ పోయిన వార్త పేపర్లో చిన్నగా వచ్చినట్టు గుర్తు, నాన్న దాన్ని కత్తిరించి భగవద్గీత పుస్తకంలో పెట్టుకున్నారు.

అయితే పూర్తిగా పోయిందంటే ఒప్పుకోను. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కాంస్యం వచ్చింది, జపాన్‌నే 1-0తో ఓడించి. కెప్టెన్ ఎవరనుకున్నారు? సయ్యద్ నయీముద్దీన్, మన హైదరాబాదే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇప్పటిదాకా మనకు పతకం లేదు.

నార్త్ స్టాండ్:
తాతగారూ, ఆ గీతలో పేపర్ ముక్క ఇంకా ఉందా? ఉంటే ఫోటో పెట్టండి ప్లీజ్.

సూటిగా గారి ప్రశ్నకు ఈ కాలం నుంచి చెబుతాను. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, 2023 సెప్టెంబర్. ఆసియా క్రీడలు ఫిఫా క్యాలెండర్‌లో ఉండవు కాబట్టి ఆటగాళ్లను వదలాలన్న రూలు క్లబ్బులకు లేదు. అప్పుడే ఐఎస్ఎల్ మొదలవుతోంది. దొరికినవాళ్లతో జట్టు కట్టారు. చైనాతో మ్యాచ్ 19న అయితే జట్టు దిగింది ముందు రోజు సాయంత్రం. నిద్ర లేదు, ప్రాక్టీస్ లేదు, 5-1తో ఓడారు. ఆ మ్యాచ్ ఆఫీసులో ఫోన్‌లో చూస్తూ ఎంత టెన్షన్ పడ్డానో! ఫస్ట్ హాఫ్ చివర్లో రాహుల్ కేపీ కొట్టిన గోల్ చూసి కుర్చీలోంచి లేచాను, సెకండ్ హాఫ్‌లో కాళ్లు ఆగిపోయాయి మనవాళ్లకి. పాపం వాళ్ల తప్పేముంది? తర్వాత 39 ఏళ్ల కెప్టెన్ సునీల్ ఛెత్రీ పెనాల్టీతో బంగ్లాదేశ్ మీద గెలిచాం, మయన్మార్‌తో డ్రా, చివరికి సౌదీ చేతిలో 2-0తో బయటికి వచ్చాం.

అదే కొరియాను చూడండి. ఆసియా క్రీడల్లో బంగారం గెలిస్తే కుర్రాళ్లకు పూర్తి సైనిక సేవ నుంచి మినహాయింపు. 2018లో సన్ హ్యూంగ్ మిన్ కోసం ఇంగ్లండ్ క్లబ్ కూడా వదిలిపెట్టింది. ఫైనల్లో జపాన్ మీద అదనపు సమయంలో 2-1తో గెలిచారు. అదే 2018లో మన జట్టును అసలు పంపలేదు, ఆసియా ర్యాంకుల్లో మొదటి ఎనిమిదిలో లేమని. ఆడితేనే కదా ర్యాంకు పెరిగేది! ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

జకార్తా ప్రవాసి:
నార్త్ స్టాండ్ గారూ, ఆ 2018 పోటీలు జరిగింది ఇక్కడే, ఇండోనేషియాలో. మనం బంగారం గెలిచిన ఊరికి మళ్లీ ఆసియా క్రీడలు వచ్చాయి, మన ఫుట్‌బాల్ జట్టు లేదు. ఆ ఆగస్టులో ఇక్కడి టాక్సీ డ్రైవర్ అడిగాడు, మీ దేశం ఆడట్లేదా అని. లేదన్నాను. అప్పటికి నేను పని మీద పది రోజులకే వచ్చాను. 62 సంగతి అతనికి చెబుదామనుకుని మాటలు రాక ఊరుకున్నాను.

బడి మైదానం:
ఇవన్నీ రాత్రి కూర్చుని నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాను. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. సూటిగా గారు అడిగిన "ఎందుకు నిలబెట్టుకోలేదు" అన్నదానికి సగం జవాబు నా టైంటేబుల్లో ఉంది. వారానికి ఆటల పీరియడ్లు ఉన్నాయి, కానీ పదో తరగతి వచ్చేసరికి అవి లెక్కలకూ సైన్సుకూ పోతాయి. నేను అంతకుముందు పనిచేసిన బడిలో అయితే ఏడాది మొత్తం బీరువాలో తాళం వేసిన బంతులు చూశాను. పాడవుతాయని ఇవ్వలేదు. గాలి దిగి, తోలు పగిలి, అక్కడే పాడయ్యాయి.

సరే, రేపే ప్రసంగం. క్రమం ఇలా అనుకున్నాను. మొదట 2-0 ఓటమి. తర్వాత జర్నైల్ తలకు కుట్లు. తర్వాత లక్షమంది, పాకిస్తాన్ హాకీ జట్టు. తర్వాత బలరాం సైకిల్. చివర్లో రహీం మాస్టారు. స్కోర్లు తక్కువ చెబుతాను.

కాకినాడ స్టాపర్:
బాగుంది మాస్టారూ. ఒక్క సలహా. జర్నైల్ దగ్గర ఆగి, "మీరు కోచ్ అయితే ఏం చేస్తారు?" అని పిల్లల్నే అడగండి. వాళ్లు ఏమంటారో మాకు చెప్పాలి.

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
అమ్మాయిలు ఆడుతున్నారన్నారు కదా. నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య పేరు కూడా చెప్పండి. తండా నుంచి వచ్చి భారత మహిళల జట్టుకు ఆడుతోంది. ఇక్కడ ఈస్ట్ బెంగాల్‌కూ ఆడింది, బలరాం గారి క్లబ్బుకే.

బడి మైదానం:
ఇప్పుడే ఇంటికొచ్చాను. పది నిమిషాలనుకున్నది పాతిక నిమిషాలైంది, హెడ్మాస్టర్ గారు ఆపలేదు.

స్టాపర్ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ఎక్కువమంది "కూర్చోబెడతాం సార్, పాపం తల పగిలింది కదా" అన్నారు. ఒక పిల్లాడు గోల్‌కీపర్‌గా నిలబెడతానన్నాడు. మొదట ప్రశ్న అడిగిన ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి మాత్రం లేచి, "ముందు ఆయన్ని అడుగుతా సార్, ఎక్కడ ఆడగలవని" అంది. నాకు మాట రాలేదు కాసేపు.

పాకిస్తాన్ జట్టు సంగతికి చప్పట్లు కొట్టారు. సౌమ్య పేరు చెప్పగానే వెనక వరసలో తండా పిల్లలు నలుగురు ఒకరినొకరు గిల్లుకున్నారు. బలరాం గారి గురించి చెప్పాక ఒకడు "అమ్ముగూడ మన ఊరికి ఎంత దూరం సార్?" అన్నాడు.

సాయంత్రం మ్యాచ్ పెట్టాం, బలహీనమైన కాలితోనే తన్నాలని. మొదటి పది నిమిషాలు బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియలేదు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, పట్టుకుని పరిగెత్తడం మానేసి ఒకరికొకరు ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎందుకంటే రాని కాలితో పరిగెత్తుతూ బంతిని అదుపులో పెట్టుకోలేరు, ఇచ్చేయడమే తేలిక. రహీం మాస్టారు ఆ పోటీలు ఎందుకు పెట్టేవారో అప్పుడు అర్థమైంది నాకు. ఇరవై ఏళ్లుగా పీఈటీని, ఈ సంగతి ఈరోజు తెలిసింది.

రేపు మళ్లీ పెట్టమంటున్నారు. ఉన్న రెండు బంతుల్లో ఒకదానికి కుట్లు వదిలాయి, చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చి వచ్చాను.

సికింద్రాబాద్ పెద్దాయన:
బాబూ, బడి అడ్రస్ నాకు విడిగా మెసేజ్ పెట్టు. మనవడితో నాలుగు బంతులు పంపిస్తాను. గీతలో ఆ పేపర్ ముక్క దొరికింది, మడత దగ్గర చిరిగింది గానీ పేరు చదవడానికి వస్తోంది. దాని ఫోటో తీయించి ఒకటి మీ బడికి, ఒకటి ఇక్కడ పెట్టిస్తాను.